ఒక్క రోజు పట్నంలో



మన ఊళ్ళో మనం ఎవరినీ దారి అడగం. వేపచెట్టు తెలుసు. గుడి తెలుసు. బస్సు ఆగే చోటు తెలుసు. అక్షరం రాకపోయినా ఇల్లు చేరతాం.

కొత్త పట్నం అట్లా కాదు. అక్కడ ఎంత చదివినవాళ్ళయినా ఒక్కోసారి చదువురాని వాళ్ళే అవుతారు. ఇది నాకు ఒక్క రోజులో తెలిసింది. ఆ రోజు సంగతి చెబుతాను. వినండి.

చెన్నై ప్రయాణం

మా కేంద్రంలో చదువుకునే ఒక అక్క ఉంది. వయసు యాభై దగ్గర. ఆమె సముద్రం ఎప్పుడూ చూడలేదు. "ఒక్కసారన్నా సముద్రం చూడల్ల మ్మా" అని అంటా ఉండేది.

ఒక ఆదివారం ఇద్దరం తిరుపతిలో పొద్దున రైలెక్కాం. పుత్తూరు, అరక్కోణం మీదుగా చెన్నై చేరాం. దూరం సుమారు 150 కిలోమీటర్లు. సాయంత్రం రైలుకే తిరిగి రావాలి. అక్క ఇంట్లో మనవరాలు ఒక్కతే ఉంది. రాత్రికి ఇల్లు చేరాల్సిందే.

చెన్నై మనకు పరాయి ఊరు కాదు. 1639లో దామెర్ల నాయకులు అక్కడ ఇంగ్లీషు కంపెనీకి స్థలం ఇచ్చారు. అది చంద్రగిరి రాజుల కాలం. ఆ నాయకుల తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం అని పేరు వచ్చిందని చెబుతారు.

సెంట్రల్ స్టేషన్లో దిగి మెట్రో రైలెక్కాం. అది నేల కింద పోతుంది. అక్కడ రెండు దారులు ఉన్నాయి. ఒక దారికి పచ్చ రంగు. ఒక దారికి నీలం రంగు.

ముందు పచ్చ దారిలో పోయాం. తర్వాతి స్టేషనే ఎగ్మూరు. అక్కడ పెద్ద మ్యూజియం ఉంది. 1851లో పెట్టారు. శుక్రవారం సెలవు. మన అమరావతి స్తూపం రాళ్ళు చాలా అక్కడే ఉన్నాయి. అక్క ఒక్కొక్క శిల్పం ముందు ఆగి ఆగి చూసింది.

మళ్ళీ సెంట్రల్‌కు వచ్చాం. ఈసారి నీలం దారిలో ఒక స్టేషను పోయి దిగాం. అక్కడి నుంచి ఆటోలో మెరీనా బీచికి పోయాం. అక్క చీర కొంచెం ఎత్తిపట్టుకుని నీళ్ళలో నిలబడింది. అల వచ్చి కాళ్ళు తడిపింది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

దారి తప్పాం

తిరిగి వచ్చేటప్పుడు నేను తొందరపడ్డాను. కనిపించిన బస్సు ఎక్కేశాను. బోర్డు తమిళంలో ఉంది. నాకు తమిళం చదవడం రాదు. "సెంట్రలేలే" అనుకున్నాను. బస్సు ఇంకో రోడ్డు మీదికి పోయింది. భయపడి దిగేశాం. రైలుకు ఇంకా గంటన్నరే ఉంది.

చుట్టూ ఎన్నో బోర్డులు. అన్నీ అక్షరాలే. ఏ ఒక్కటీ నాతో మాట్లాడలేదు. నేను టీచర్ ట్రైనింగ్ చదివాను. అయినా ఆ రోడ్డు మీద బిత్తరపోయి నిలబడ్డాను. ఇన్నేళ్ళు మీకు ఎట్లా ఉండిందో నాకప్పుడు తెలిసింది.

అక్క మాత్రం బెదరలేదు. "నేను యాభై ఏండ్లు అక్షరం లేకుండా తిరిగినా మ్మా. అడిగితే నోరేం అరిగిపోదు" అనింది.

పక్కన ఒకామె పూలు అమ్ముతోంది. అక్క ఆమె దగ్గరికి పోయి, "మ్మా, నీలం రైలు యాడ?" అని అడిగింది.

"తెలుగోళ్ళా? ఆ ఎత్తు మేడ ఉండాదే, దాని పక్కనే" అనింది ఆమె.

ఆ ఎత్తు మేడ ఎల్.ఐ.సి. వాళ్ళది. 1959లో తెరిచారు. దాని పేరుతోనే అక్కడ మెట్రో స్టేషను ఉంది. టికెట్టు ఇచ్చే ఆయన, "సెంట్రల్ రెండో స్టేషన్" అని వేళ్ళు చూపించాడు. అక్క వేళ్ళ మీద ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. రెండోదానిలో దిగాం. రైలు నంబరు నేను చీటీలో రాసి ఇచ్చి ఉన్నాను. ఆ చీటీ అక్క కొంగు ముడిలో ఉంది. అక్కే బోర్డు మీద ఆ అంకెలు వెతికి ప్లాట్‌ఫారం కనుక్కుంది. రైలు అందింది.

జపాన్‌లో ఏం చేశారు?

చెన్నై మెట్రో కట్టడానికి జపాన్ దేశం అప్పు ఇచ్చింది. ఆ జపాన్‌లో కూడా మాకు జరిగినట్టే ఎంతోమందికి జరుగుతుంది.

జపాన్‌లో ఫుకువోకా అనే పెద్ద పట్నం ఉంది. 16 లక్షల మందికి పైగా జనం. అక్కడ హకాతా అనే రేవు ఉంది. వేరే దేశాల నుంచి యాత్రికుల ఓడలు అక్కడికి వస్తాయి. ఒక్కో ఓడలో వేల మంది ఉంటారు. చాలా ఓడలు పొద్దున వచ్చి సాయంత్రం పోతాయి. ఆ ఒక్క రోజులోనే వాళ్ళు ఊరు చూసి రావాలి. ఆలస్యం చేస్తే ఓడ మామూలుగా ఆగదు.

ఓడ దిగిన వాళ్ళలో డాక్టర్లు ఉంటారు. ఇంజనీర్లు ఉంటారు. చాలామందికి జపాన్ అక్షరం ఒక్కటీ రాదు.

ఫుకువోకాలో నేల కింద రైలు 1981లో మొదలైంది. అక్కడ ప్రతి స్టేషనుకూ పేరుతో పాటు ఒక బొమ్మ గుర్తు పెట్టారు. తర్వాత అంకెలు కూడా పెట్టారు. హకాతా స్టేషను అంకె 11. తెన్‌జిన్ స్టేషను అంకె 8. అక్కడ పెద్ద పెద్ద అంగళ్ళు ఉన్నాయి. ఓహొరి పార్కు స్టేషను అంకె 6. అక్కడ పెద్ద చెరువు ఉంది. చెరువు చుట్టూ 2 కిలోమీటర్ల బాట ఉంది. పేరు చదవలేకపోయినా అంకె చూసి దిగవచ్చు.

జపాన్ పట్నాలలో వీధి మలుపుల్లో చిన్న పోలీసు గదులు కూడా ఉంటాయి. దారి తెలియనివాళ్ళు అక్కడికి పోయి అడుగుతారు. అడగడం అక్కడ ఎవరికీ నామోషీ కాదు.

గుర్తు పెట్టుకోండి

1. తిరుగు రైలు నంబరు, టైము చీటీలో రాసుకోండి. చీటీ కొంగుకు ముడి వేసుకోండి.
2. దిగిన చోట ఒక గుర్తు చూసుకోండి. ఎత్తు మేడ గానీ, గుడి గానీ, రంగు గానీ.
3. ఎన్నో స్టేషన్లో దిగాలో ముందే అడగండి. వేళ్ళ మీద లెక్కపెట్టండి.
4. దారి అంగడి వాళ్ళనో, పోలీసులనో అడగండి. ఇద్దరిని అడిగితే ఇంకా మంచిది.
5. రైలు టైముకు గంట ముందే స్టేషన్ చేరండి.

కొత్త మాటలు

రేవు - ఓడలు ఆగే చోటు
యాత్రికులు - ఊర్లు చూడడానికి వచ్చేవాళ్ళు
నామోషీ - చిన్నతనం, సిగ్గు

ప్రశ్నలు

1. టీచరమ్మ ఎందుకు దారి తప్పింది?
2. అక్క ఎవరిని దారి అడిగింది? ఏమని అడిగింది?
3. మీరు హకాతాలో రైలెక్కారు. దాని అంకె 11. ఓహొరి పార్కులో దిగాలి. దాని అంకె 6. ఎన్నో స్టేషన్లో దిగాలి?

చేసి చూడండి

ఈసారి తిరుపతికో, చిత్తూరుకో పోయినప్పుడు బస్సు బోర్డు మీరే చదవండి. ఎవరూ చెప్పకముందే చదవండి. ఏ ఊరి పేరు చదివారో పలక మీద రాసుకుని రండి. రేపు కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.

మా అక్క ఇప్పుడు రోజూ కేంద్రానికి వస్తోంది. మొన్న పలక మీద "సముద్రం" అని తనే రాసింది. ఒత్తు కూడా తప్పు పోలేదు.