రెండో అంకె ఏదిరా?

బళ్లారిలో పి.యు.సి. చదివేటప్పుడు మిత్రులం కలిసి కంప్యూటర్‌లో వర్చువల్ ఎయిర్‌లైన్ నడిపాము. టైంటేబుల్, పైలట్లు, లాగ్‌బుక్కు అన్నీ ఉంటాయి. విమానం మాత్రం తెర మీదే ఎగురుతుంది. ‘ఫ్లైట్ సిమ్యులేటర్ 2004’లో విమానాలకు మా రంగులు వేయడం నా పని.

పద్ధతి ఇది. ముందు టెక్స్చర్ ఫోల్డరుకు నకలు తీసి కొత్త పేరు పెట్టాలి. నకలులోని బొమ్మలకే రంగు వేయాలి, అసలును ముట్టరాదు. తర్వాత ‘ఎయిర్‌క్రాఫ్ట్.సి.ఎఫ్.జి.’ ఫైలులో కొత్త విభాగం చేర్చి, వరుస సంఖ్య ఇవ్వాలి.

నేను 0, 1 తర్వాత 3 వేశాను. విమానం జాబితాలో కనబడలేదు. పరీక్షల ముందు రెండు రాత్రులు వృథా అయ్యాయి. కంప్యూటర్ కట్టేయించడానికి వచ్చిన నాన్నగారు లెక్కల గుమాస్తా. తెర చూసి, “రెండో అంకె ఏదిరా?” అన్నారు. సరిచేయగానే విమానం వచ్చింది.

విద్యార్థులారా, మార్చే ముందు నకలు దాచుకోండి. తల్లిదండ్రులారా, మందలించే ముందు ఒక్కసారి పక్కన కూర్చోండి.