పోరుమామిళ్ళ శాసనం నుండి నీటి బడ్జెట్ దాకా

కడప జిల్లా పోరుమామిళ్ళలో, భైరవాలయం ముందు, సంస్కృతంలో చెక్కిన ఒక శిలాశాసనం వున్నది. శకవర్షం 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి నుండి పరిపాలిస్తూ అక్కడొక పెద్ద చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళ పని అని అందులో లెక్క చెప్పారు.

దానధర్మాల శాసనాలు మనకు చాలానే వున్నాయి. దీని విశేషం వేరు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు ఇందులో వరసగా చెప్పబడ్డాయి. జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, కొండల నడుమ పొడవు తక్కువగా వుండే రాతికట్ట, దగ్గరలోనే రాతిగని, పని తెలిసిన మనుషులు వుండాలి. ఇక దోషాలు: కట్ట నుండి నీరు కారడం, చవుడునేల, రెండు రాజ్యాల సరిహద్దులో వుండడం, చెరువు నడుమ మిట్ట వుండడం, నీరు తక్కువై పారవలసిన భూమి ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం. మూడవ దోషాన్ని చదివి నవ్వుకోని వారుండరు. కాని ఈ వ్యాసానికి కావలసినది ఐదవది. నీరు కొంచెం, భూమి బోలెడు. ఆరున్నర శతాబ్దాల తర్వాత మన సీమ జబ్బు సరిగ్గా అదే.

కర్నూలు, కడప ప్రాంతాల్లో యేడాది సగటు వాన ఆరేడు వందల మిల్లీమీటర్లు. ఒక హెక్టారు మీద 1 మి.మీ. పడితే పదివేల లీటర్లు అవుతుంది కాబట్టి, ఆరు వందలంటే చిన్న సంఖ్య కాదు. చిక్కంతా అది పడే తీరులో వున్నది. నాలుగు పెద్దవానలు, నడుమ నెలా నెలన్నర బెట్ట. ఎర్రనేలలో పైమన్ను పెచ్చు కట్టి, పడిన వాన లోపలికి దిగక వంకల పాలవుతుంది. నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగళ్ళు కొంత నయం. అవి పదును దాచుకుని చలికాలంలో శనగను పండిస్తాయి.

అనంతపురంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మెట్టసాగు శాస్త్రజ్ఞులు ఎర్రనేలల మీద చేసిన పని మనకు పనికివచ్చేది. వేరుశనగలో వాలుకు అడ్డంగా 3.6 మీటర్లకొక ఖాళీచాలు తీస్తే పారే నీరు అందులో ఆగి ఇంకుతుంది. దీనికి ఖర్చేమీ లేదు. రెండోది పొలంలోనే నీటికుంట. పది మీటర్ల పొడవు, పది వెడల్పు, రెండున్నర లోతు. ఎర్రనేలలో నీరు నిలవదు గనుక ఆరుపాళ్ళ మట్టికి ఒకపాలు సిమెంటు కలిపి లోపల పూత వెయ్యాలన్నారు. గోడలు నిటారుగా వుంటే అందులో పట్టేది రెండున్నర లక్షల లీటర్లు. ఊడలు దిగే సమయంలో బెట్ట వస్తే, 10 మి.మీ. చొప్పున రెండున్నర హెక్టార్లకు ఒక తడి. ఒక్క తడేనా అని తీసిపారెయ్యరాదు. ఆ ఒక్క తడి లేకనే మా వైపు బుడ్డలు లొట్టలై పోతాయి.

ఇక బోర్ల సంగతి. కర్నూలు పడమటి భాగం కింద గ్రానైటు జాతి రాళ్ళు. నీళ్ళు ఆ రాతి పగుళ్ళలోనే వుంటాయి. రాతినేలల్లో వానలో సుమారు పదోవంతు మాత్రమే కిందికి చేరుతుంది. 600 మి.మీ. వానకు 60 అనుకుందాం. ఎకరా వరికి 1200 మి.మీ. కావాలి. అంటే బోరు కింద ఎకరా వరి వేసినవాడు ఇరవై ఎకరాల ఊటను తాగేస్తున్నాడన్నమాట! ఈ లెక్క నేను కాగితం మీద వేసుకుని, తప్పేమోనని మళ్ళీ వేశాను.

మా ఇంట్లో రెండు బోర్లు ఎండిపోయాయి. మూడోది వెయ్యాలని చిన్నాయన, వద్దని నాయన. ఈ లెక్క చూపిస్తే నాయన అన్నమాట: "లెక్క బాగనే వుంది గానీ, మనం ఇడిసిపెట్టిన నీళ్ళు పక్క చేనోని బోరు గుంజుకుంటే యేంజేస్తావురా?"

దీనికి మన పాఠ్యపుస్తకంలో జవాబు లేదు. కొంత జవాబు 2003లో మొదలైన ఒక పథకంలో దొరుకుతుంది. రైతులే భూగర్భజలాలను చూసుకునే ఆ పథకం ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో కర్నూలు, కడప, అనంతపురంతో సహా ఏడు జిల్లాల్లో నడిచింది. నంద్యాలలోని బర్డ్స్ సంస్థ దానికి నడుంకట్టింది. చదువు అంతగా లేని ఆడవాళ్ళు, మగవాళ్ళు వానమాపకం చూసి రాశారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని నీరెంత వున్నది, వెయ్యదలచిన పైర్లకు ఎంత కావాలి అని బడ్జెట్ వేసుకున్నారు. సబ్సిడీ లేదు, జుల్మానా లేదు. లెక్క గోడమీద అందరికీ కనబడేది. చాలామంది వరి తగ్గించి ఆరుతడి పైర్లకు మారారు. పక్క చేనోని సంగతి తెలిసినప్పుడు మన భయం కొంత తగ్గుతుందని నాకు అనిపిస్తుంది. కాని పథకాలు ముగుస్తాయి. 2004 నుండి వ్యవసాయానికి కరెంటు ఉచితం కనుక మోటారు ఆపమని చెప్పే బిల్లు కూడా రాదు.

మా ఊళ్ళో వానమాపకం లేదు. భౌతికశాస్త్రం చదివే మిత్రుడూ నేనూ నిటారు గోడల డబ్బా ఒకటి, స్కేలు ఒకటి మిద్దెమీద పెట్టాము. తొలివానకు 14 మి.మీ. చూపింది. నేను సంబరపడ్డాను. నాయన మాత్రం గొర్రు కట్టలేదు. చేలో మునివేళ్ళతో తవ్వి చూపించాడు. నాలుగంగుళాల కింద మన్ను పొడిగానే వున్నది. ఆ రోజు నోటుపుస్తకంలో వాన పక్కనే పదును దిగిన లోతుకు ఇంకొక గడి గీశాను.