పిల్లి లావైతే పస్తు పెట్టొచ్చా?

ఆదోని మార్కెట్ యార్డులో పత్తిని క్వింటాళ్లలో తూస్తారు. అదే ఊళ్లో పిల్లి తిండిని గ్రాముల్లో తూయమంటే నవ్వేవాళ్లే ఎక్కువ. పత్తి గోదాముల్లోనూ నూనె మిల్లుల్లోనూ ఎలుకలు పట్టుకుని బతికే పిల్లికి తిండి లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. గడప దాటకుండా, కూలర్ ముందు పడుకుని, ఇంటిల్లిపాదీ పెట్టింది తినే పిల్లి సంగతి వేరు. అమెరికాలో 2022లో పశువైద్యులు చేసిన సర్వేలో ఇళ్లలోని పిల్లుల్లో 61 శాతం ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నట్టు తేలింది. మన పట్టణాల ఇళ్లూ ఆ దారిలోనే ఉన్నాయని ఆదోని, ఎమ్మిగనూరు పాఠకుల ప్రశ్నలు చూస్తే అనిపిస్తుంది.

ప్రశ్న: మా మగ పిల్లికి ఆరేళ్లు, బరువు 6.2 కిలోలు. రెండు పూటలా పెరుగన్నం, రోజూ ఒక గ్లాసు గేదె పాలు, మధ్యలో అడిగినప్పుడల్లా గిన్నెలో క్యాట్ ఫుడ్ పోస్తాం. రెండు మూడు రోజులు పస్తు పెడితే బరువు తగ్గుతుందా, డాక్టరు గారూ? (ఆదోని)

జవాబు: పస్తు మాత్రం పెట్టొద్దు. ఏకాదశి ఉపవాసం మనిషికి సరిపడుతుందేమో గానీ లావైన పిల్లికి ప్రాణాంతకం. తిండి ఆగిపోగానే పిల్లి ఒంట్లోని కొవ్వు కరిగి ఒక్కసారిగా కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును వాడుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కొవ్వు అక్కడే పేరుకుపోయి కాలేయం పని మందగిస్తుంది. చెవుల లోపలి వైపు, చిగుళ్లు పచ్చబడతాయి, వాంతులవుతాయి, ఆ తర్వాత తిండి పెట్టినా ముట్టదు. దీన్ని హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. రెండు మూడు రోజుల పస్తుతోనే ఇది మొదలు కావచ్చు. బక్క పిల్లి కన్నా లావు పిల్లికే ఈ ముప్పు ఎక్కువ.

కాబట్టి చేయాల్సింది తిండి ఆపడం కాదు, లెక్కగా పెట్టడం. ఈ పిల్లి ఉండాల్సిన బరువు 4.5 కిలోలు అనుకుందాం. ఆ బరువు పిల్లి ఒళ్లు కదపకుండా ఉన్నా రోజుకు దాదాపు 215 క్యాలరీలు ఖర్చవుతాయి. బరువు తగ్గించాలంటే అందులో 80 శాతం, అంటే సుమారు 170 క్యాలరీలు ఇవ్వాలి. ఇప్పుడు గేదె పాల లెక్క చూడండి. వెన్న తీయని గేదె పాలు 200 మిల్లీలీటర్లు తాగితే ఆ ఒక్కదాంతోనే 200 క్యాలరీలు దాటిపోతాయి. పెరుగన్నం, క్యాట్ ఫుడ్ ఇంకా లెక్కలోకి రానే లేదు! పైగా పెద్దయిన పిల్లుల్లో పాలలోని చక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది, అందుకే పాలు తాగాక చాలా పిల్లులకు విరేచనాలు పడతాయి. ముందుగా మానాల్సింది పాలే. దాహానికి మంచినీళ్లు చాలు.

బరువు వారానికి ఒక శాతం లెక్కన తగ్గితే మంచిది. ఈ పిల్లి విషయంలో మొదట్లో వారానికి 60 గ్రాములు. 4.5 కిలోలకు చేరడానికి ఏడెనిమిది నెలలు పడుతుంది. వారానికి రెండు శాతం మించి తగ్గుతుంటే తిండి మరీ కోసేశారని అర్థం.

ప్రశ్న: ఇంతకీ పిల్లి లావుగా ఉందో, సహజంగానే పెద్ద ఒళ్లో ఎలా తెలుస్తుంది? (ఎమ్మిగనూరు)

జవాబు: మన నాటు పిల్లులు చాలావరకు మూడున్నర నుంచి ఐదు కిలోల మధ్య ఉంటాయి. కానీ తూకం ఒక్కటే చాలదు, చేత్తో తడిమి చూడాలి. అరచేతిని బోర్లించి వేళ్ల వెనక ఎముకల మీద తడిమితే ఎలా తగులుతాయో, పక్కటెముకలు అలా తగిలితే ఒళ్లు సరిగ్గా ఉన్నట్టు. గట్టిగా నొక్కితే తప్ప తెలియకపోతే కొవ్వు పేరుకున్నట్టు. పై నుంచి చూసినప్పుడు పక్కటెముకల వెనక నడుము కాస్త లోపలికి కనిపించాలి. వెనక కాళ్ల మధ్య వేలాడే వదులు చర్మం మాత్రం చాలా పిల్లులకు ఉంటుంది, బక్క పిల్లికీ ఉంటుంది. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

పశువైద్యులు దీన్నే 1 నుంచి 9 దాకా మార్కులు వేసి చూస్తారు. 5 వస్తే ఒళ్లు సరిగ్గా ఉన్నట్టు. 7కి చేరితే తిండి మార్చే సమయం వచ్చినట్టు.

ఇంట్లో తూయడానికి సులువైన పద్ధతి ఉంది. పిల్లిని ఎత్తుకుని బరువు మిషన్ ఎక్కాలి, తర్వాత దించి ఒక్కరే ఎక్కాలి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేయాలి. వారానికోసారి, ఒకే వేళకు చూస్తే చాలు. తూకం మాటొచ్చింది గనక ఒక కథ: 2019లో రష్యాలో ఒకాయన తన పది కిలోల పిల్లి విక్టర్‌ను విమానంలో తన పక్కనే కూర్చోబెట్టుకోవాలనుకున్నాడు. అక్కడ పరిమితి ఎనిమిది కిలోలు. తూకం దగ్గర అలాంటి రంగులోనే ఉన్న సన్నపాటి పిల్లిని చూపించి, తర్వాత విక్టర్‌ను ఎక్కించాడు. చివరికి విషయం బయటపడి విమాన సంస్థ ఆయన మైలేజీ పాయింట్లు లాగేసుకుంది. ఆస్ట్రేలియాలో హిమ్మీ అనే పిల్లి 21.3 కిలోలు తూగి గిన్నిస్ పుస్తకం ఎక్కింది. 1986లో పదేళ్లకే చనిపోయింది. ఆ తర్వాత గిన్నిస్ వాళ్లు బరువైన పెంపుడు జంతువుల రికార్డులు తీసుకోవడమే మానేశారు, జనం పోటీపడి మేపుతారన్న భయంతో.

ప్రశ్న: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన దగ్గర్నుంచే మా ఆడ పిల్లి లావైంది. ఆపరేషన్ వల్లేనా? (ఆదోని)

జవాబు: కొంతవరకు అవును. ఆపరేషన్ తర్వాత పిల్లికి కావాల్సిన శక్తి 20 నుంచి 30 శాతం దాకా తగ్గుతుంది. తమాషా ఏమిటంటే ఆకలి మాత్రం పెరుగుతుంది. అంతకుముందు పెట్టినంతే పెడుతూ పోతే కొద్ది నెలల్లోనే ఒళ్లు వస్తుంది. అలాగని ఆపరేషన్ మానుకోవాల్సిన పని లేదు. కుట్లు మానిన వెంటనే కొలత తగ్గిస్తే సరిపోతుంది.

ప్రశ్న: మేం శాకాహారులం. ఇంట్లోకి మాంసం రాదు. పెరుగన్నం, పప్పు, నెయ్యి రొట్టెతోనే పిల్లిని సన్నబరచడం కుదురుతుందా? (ఆదోని)

జవాబు: ఆదోని, మంత్రాలయం వైపు శాకాహార కుటుంబాలు చాలానే ఉన్నాయి కాబట్టి ఇది ఒక్కరి సమస్య కాదు. జవాబు మాత్రం కాస్త కటువుగానే ఉంటుంది. కుక్క అన్నీ తినే జంతువు, పిల్లి కాదు. దానికి టారిన్ అనే పదార్థం తిండిలోంచే రావాలి, అది మాంసం, చేపల్లో ఉంటుంది. అన్నం, పప్పుల్లో ఉండదు, పాలలో ఉన్నది చాలదు. టారిన్ లేక పిల్లుల కంటి రెటీనా దెబ్బతింటుందని 1975లో శాస్త్రవేత్తలు తేల్చారు. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్యులు మరో సంగతి బయటపెట్టారు. గుండె సాగిపోయి చనిపోతున్న పిల్లుల్లో టారిన్ తక్కువగా ఉంది, అది అందించగానే చాలావాటి గుండె కోలుకుంది. ఆ తర్వాతే క్యాట్ ఫుడ్ కంపెనీలు తమ తిండిలో టారిన్ మోతాదు పెంచాయి.

ఇంకో సంగతి. పిల్లికి తీపి రుచి తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు దానిలో పనిచేయదని 2005లో రుజువైంది. పాయసం, పెరుగన్నం దగ్గరికి అది వస్తోందంటే వాటిలోని వెన్న, నెయ్యి వాసనకే.

వండి పెట్టక్కర్లేదు గనక ఇలాంటి ఇళ్లకు ప్యాకెట్ క్యాట్ ఫుడ్ మంచి దారి. టారిన్, విటమిన్లు అందులోనే కలిపి ఉంటాయి. వంటింటికి దూరంగా, వరండాలోనో మేడ మెట్ల కిందో పిల్లికి వేరే గిన్నె పెట్టుకోవచ్చు. అది కూడా ఇష్టం లేని ఇంటికి పిల్లి సరిపడే జంతువు కాదు.

ప్రశ్న: ప్యాకెట్ తిండి మంచిదా, చికెన్ సెంటర్‌లో అడిగి తెచ్చే ముక్కలు మంచివా? (ఎమ్మిగనూరు)

జవాబు: పొడి క్యాట్ ఫుడ్‌లో 100 గ్రాములకు 350 నుంచి 400 క్యాలరీలు ఉంటాయి. పౌచుల్లో వచ్చే తడి తిండిలో నాలుగింట మూడు వంతులు నీళ్లే కాబట్టి 100 గ్రాములకు 70 నుంచి 100 క్యాలరీలే. తడి తిండితో కడుపు నిండుతుంది, క్యాలరీలు తక్కువ, నీళ్లూ ఒంట్లోకి వెళ్తాయి. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే మన ప్రాంతంలో, అసలే నీళ్లు తక్కువ తాగే పిల్లికి అది పెద్ద లాభం. ధర ఎక్కువనుకుంటే రెండూ కలపొచ్చు. రోజుకు 170 క్యాలరీల పిల్లికి ఒక చిన్న పౌచ్, దాంతో పాటు 28 గ్రాముల పొడి తిండి. ఆ 28 గ్రాములు గుప్పెళ్లతో కాదు, వంటింటి డిజిటల్ త్రాసుతో తూయాలి. గుప్పెడు గుప్పెడుకీ తేడా వస్తుంది, రోజుకు పది గ్రాములు ఎక్కువైతే తగ్గాల్సిన బరువు అక్కడే ఆగిపోతుంది. ప్యాకెట్ వెనక క్యాలరీల లెక్క ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది, చూసుకోవాలి. బరువు తగ్గించడానికే తయారైన వైద్య ఆహారాలు కూడా వస్తున్నాయి. వాటిలో ప్రొటీను, పీచు ఎక్కువ, క్యాలరీలు తక్కువ. బాగా లావున్న పిల్లికి పశువైద్యుడి సలహాతో అవే మేలు, ఎందుకంటే మామూలు తిండిని మరీ తగ్గిస్తే క్యాలరీలతో పాటు ప్రొటీనూ విటమిన్లూ తగ్గిపోతాయి.

చికెన్ సెంటర్ ముక్కల్లో చర్మం, కొవ్వు ఎక్కువ. పచ్చివి పెట్టడం అసలే వద్దు. 2025 మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకు బర్డ్ ఫ్లూ సోకింది. ఆ ఫిబ్రవరిలోనే గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లోనూ అదే జబ్బు కనిపించింది. చర్మం తీసి, ఉప్పు కారం లేకుండా ఉడికించిన రొమ్ము ముక్క 100 గ్రాములకు 160 క్యాలరీల దాకా ఇస్తుంది. అప్పుడప్పుడు కొద్దిగా పెడితే తప్పు లేదు. కానీ అదొక్కటే పెడితే కాల్షియం చాలదు, టారిన్ కొంత ఉడికించిన నీళ్లలోకి పోతుంది. ఉడికిన ఎముకలు విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఉల్లిపాయకు పెట్టింది పేరైన జిల్లా కాబట్టి ఒక హెచ్చరిక. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా పిల్లి రక్తకణాలను చిట్లగొడతాయి. మిగిలిన కూర పులుసు, ఉగ్గాని పిల్లి గిన్నెలో వేయొద్దు.

ప్రశ్న: మాది మగ్గాల వీధి. మేం తక్కువ పెడితే పిల్లి పక్కింటికెళ్లి తింటుంది. వ్యాయామానికి నూలు ఉండతో ఆడిస్తున్నాం. సరిపోతుందా? (ఎమ్మిగనూరు)

జవాబు: ముందు ఆ నూలు ఉండ తీసేయండి. మాచాని సోమప్ప నేత సహకార సంఘం పెట్టిన ఊళ్లో నూలు లేని ఇల్లు తక్కువే, ప్రమాదమూ అక్కడే ఉంది. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతు వైపు తిరిగి ఉంటాయి. దారం ఒకసారి నోట్లోకి వెళ్తే ఉమ్మడం కష్టం, లోపలికే పోతుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుని, మిగతాది పేగుల్లోకి దిగితే పేగు ముడతలు పడి కోసుకుపోతుంది. నోట్లోంచో మలద్వారంలోంచో దారం కొస కనిపిస్తే లాగకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆటకు కాగితం ఉండలు, పింగ్‌పాంగ్ బంతి చాలు. ఖాళీ ప్లాస్టిక్ సీసాకు రెండు మూడు చిల్లులు చేసి అందులో ఆ రోజు పొడి తిండి పోస్తే, పిల్లి దాన్ని దొర్లించుకుంటూ ఒక్కో గింజా రాబట్టుకుంటుంది. తినడం నెమ్మదిస్తుంది, ఒళ్లూ కదులుతుంది.

పక్కింటి సంగతి మాట్లాడుకోవాల్సిందే. పిల్లి మెడలో సులువుగా ఊడిపోయే పట్టీ కట్టి, "వైద్యం నడుస్తోంది, తిండి పెట్టొద్దు" అని చిన్న గుడ్డ ముక్క మీద రాసి కుట్టొచ్చు. పెట్టకుండా ఉండలేని అత్తమ్మ ఉంటే, రోజు కొలతలోంచే పది గింజలు ఒక డబ్బాలో వేసి ఆమె చేతికే ఇవ్వాలి.

ప్రశ్న: కొలత తగ్గించగానే తెల్లవారుజామున నాలుగింటికే అరుస్తోంది. పెట్టకపోతే పాపం అనిపిస్తోంది. (ఆదోని)

జవాబు: అరిచినప్పుడు పెడితే, అరిస్తే దొరుకుతుందని నేర్చుకుంటుంది. అదే రోజు తిండిని నాలుగైదు భాగాలు చేసి, చివరి భాగాన్ని పడుకోబోయే ముందు ఇవ్వాలి. అది కూడా తడి తిండి అయితే కడుపు నిండినట్టు ఉంటుంది. కొత్త తిండికి మార్చేటప్పుడు పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ వారం నుంచి పది రోజుల్లో పూర్తిగా మార్చాలి. నచ్చక ఒక రోజంతా ఏమీ తినకపోతే పట్టుదలకు పోవద్దు, పాత తిండే ఇచ్చి పశువైద్యుడికి చూపించాలి.

ప్రశ్న: డైట్ మొదలుపెట్టే ముందు పరీక్షలు అవసరమా? (ఎమ్మిగనూరు)

జవాబు: ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లికి రక్త పరీక్ష చేయించడం మంచిది. లావైన పిల్లికి షుగర్ వచ్చే అవకాశం మామూలు పిల్లి కన్నా నాలుగు రెట్ల దాకా ఎక్కువ. నీళ్లు ఎక్కువ తాగడం, మూత్రం ఎక్కువ పోయడం, బాగా తింటూనే చిక్కిపోవడం దాని గుర్తులు. తొందరగా పట్టుకుని ఇన్సులిన్ ఇస్తూ తిండి సరిచేస్తే కొన్ని పిల్లులకు తర్వాత ఇన్సులిన్ అవసరమే ఉండదు. కీళ్ల నొప్పితో గోడ ఎక్కలేకపోతుంటే మనుషుల మాత్రలు వేయొద్దు, ఒక్క పారాసిటమాల్ మాత్ర కూడా పిల్లి ప్రాణం తీస్తుంది. మగ పిల్లి మూత్రానికి పదే పదే కూర్చుని చుక్క కూడా రాకపోతే అది ఆ రోజే చూపించాల్సిన అత్యవసరం.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు పిల్లితో పాటు మూడు తీసుకెళ్తే డాక్టరు పని సులువవుతుంది: తింటున్న ప్యాకెట్ ఫొటో, వారం రోజులుగా ఎవరు ఏం పెట్టారో రాసిన కాగితం, ఇంట్లో తూసిన బరువులు. ఆ కాగితంలో పాలు, బిస్కెట్ ముక్కలు, పక్కింటి చేపల కూర కూడా రాయాలి.