ముందు ఆ పిల్లాడి వంక చూడు

చిన్నోడికి,



మొన్న రాత్రి నువ్వు ఫోన్లో చెప్పింది ఇంకా నా మనసులోనే తిరుగుతోంది. బెజవాడ బస్టాండులో ఎవడో పెళ్లాన్ని చెంప మీద కొట్టాడు. ఆమె కొంగు పట్టుకుని ఐదారేళ్ల పిల్లాడు. నీ చంకలో మన పాప. నువ్వు కదల్లేకపోయావు. "నేను పిరికివాణ్నా పెదనాన్నా?" అన్నావు. అప్పుడు మాట తోచలేదు, అందుకే రాస్తున్నాను.

పిరికితనం కాదురా. బిడ్డను ఎత్తుకుని కొట్టేవాడికి ఎదురు వెళితే, వాడు విసిరిన చెయ్యి ముందు తగిలేది బిడ్డకే. వెళ్లకపోవడంలో తప్పు లేదు. ఏమీ చెయ్యకుండా బస్సెక్కెయ్యడం గురించే నీతో మాట్లాడాలి.

అంతకంటే ముందు నా తప్పు ఒకటి చెబుతాను. నేను కండక్టరుగా ఉన్న రోజుల్లో ఒంగోలు–కందుకూరు బస్సులో ఒక సాయంత్రం తాగినవాడొకడు, చిల్లర పారేశాడని ఏడెనిమిదేళ్ల కొడుకుని జుట్టు పట్టుకుని బాదాడు. నేను విజిలేసి బస్సు ఆపించాను. నలుగురిలో వాణ్ని నోటికొచ్చినట్టు కడిగేశాను. బస్సంతా నన్ను మెచ్చుకుంది. వాడు తలొంచుకుని తర్వాతి స్టేజీలో దిగిపోయాడు. దిగేటప్పుడు పిల్లాడి జబ్బ ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, వాడు సగం వేలాడుతూ దిగాడు. మెట్టు మీంచి ఆ పిల్లాడు ఒకసారి నా వంక చూశాడు. "ఎందుకన్నావు?" అన్నట్టున్న చూపు. బస్సులో జరిగిన అవమానానికి ఇంటి దగ్గర దెబ్బలు తిన్నది ఎవరో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

అదే రూట్లో రోజూ జామకాయల గంపతో ఎక్కే ముసలావిడ ఉండేది. ఒకరోజు మండుటెండలో ఒక తల్లి, ఒళ్లో చంటిది ఏడుస్తుంటే, పక్కనున్న పెద్దపిల్లను వీపు మీద దబదబా కొడుతోంది. అందరూ మొహాలు తిప్పుకున్నారు. ముసలావిడ మాత్రం, "ఎంత దూరం పోవాలమ్మా? ఆ చంటిదాన్ని ఇటియ్యి, కాసేపు నడుం వాల్చు" అంది. కొట్టే చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ తల్లి భోరుమంది. పెద్దపిల్ల చేతికి ఉప్పుకారం అద్దిన జామముక్క వచ్చింది. ముసలావిడ ఆ తల్లికి ఒక్క నీతి చెప్పలేదు. జోక్యం చేసుకోవడమంటే ఏమిటో నాకు నేర్పింది ఆమే.

కాబట్టి ముందు పిల్లాడి వంక చూడు. వాడికి దెబ్బలు తగులుతున్నాయా, తగిలే చోట ఉన్నాడా, లేక భయపడి చూస్తున్నాడా? విసిగిపోయిన చెయ్యి అయితే ముసలావిడ దారే దారి. క్రూరంగా కొట్టే చెయ్యి అయితే ఒక్కడివే వెళ్లకు. పాపను కోడలి చేతికిచ్చి దూరంగా పంపు. కంట్రోలరునో, డ్రైవరునో, పక్కనున్న ఇద్దరు మనుషులనో వెంట తీసుకెళ్లు. తల్లికీ పిల్లాడికీ దగ్గరగా నిలబడు, కొట్టేవాడితో వాదం పెట్టుకోకు. "ఏ ఊరు బస్సండీ?" లాంటి మామూలు మాట చాలు, వాడి ఊపు తెగడానికి. చేతిలో సీసానో కత్తో ఉంటే అదీ వద్దు. దూరం నుంచి 112కి ఫోన్ చెయ్యి. పిల్లల సంగతి అయితే 1098. సీట్ల కోసం పెద్దవాళ్లు అరుచుకుంటుంటే మాత్రం మన పాపను తీసుకుని పక్కకు పో, అంతే.

వీడియో తియ్యకు. ఆ పిల్లాడు రేపు బడికి వెళ్లాలి.

"మొగుడూపెళ్లాల గొడవలో మనమెవరం?" అని నీకు అనిపించి ఉంటుంది. 2005 గృహహింస చట్టం ప్రకారం అలాంటి హింస జరుగుతోందని తెలిసిన ఎవరైనా రక్షణ అధికారికి చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాడి మీద కేసు ఉండదు. బిడ్డను తన సంరక్షణలో ఉంచుకుని హింసించేవాడికి, 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. అది వాళ్ల ఇంటి విషయమని చట్టమే అనడం లేదు, మనమెందుకు అనాలి?

ఇక పాప. అది చూసింది కదా. "ఆయన ఆంటీని ఎందుకు కొట్టాడు?" అని అడిగితే, "ఏం లేదు, ఆడుకుంటున్నారు" అనకు. "కొట్టడం తప్పు. నాకూ భయమేసింది. పోలీసులకి ఫోన్ చెయ్యాల్సింది, చెయ్యలేదు. ఈసారి చేస్తాను" అని చెప్పు. అడగకపోయినా నువ్వే ఎత్తుకుని చెప్పు. పిల్లలు అన్నీ అడగరురా, కొన్ని లోపలే దాచుకుంటారు.

పండక్కి వచ్చినప్పుడు దానికి ఇంకా గుర్తుంటే, నన్నూ అడగమను. నా బస్సులోని పిల్లాడి సంగతి దానికి నేనే చెబుతాను.

మీ
పెదనాన్న