పెరటియందు మామిడి అంట్లు పెంచు విధము

స్వంత బావియు, ఇంటి ప్రక్కన ఒకటి రెండు గుంటల నీడగల నేలయు, మంచి కాపు గల మామిడి చెట్టొకటియు ఉన్న రైతునకు అంటు మొక్కలు పెంచి అమ్ముట కష్టమైన పని కాదు. కుండీలకును, అరటి నారకును, పదునైన కత్తికిని తప్ప పెద్ద పెట్టుబడి లేదు. అయితే ఇందు మిగిలిన సేద్యములలో లేని బాధ్యత యొకటి కలదు. జొన్న విత్తనము చెడ్డదైనచో ఆ యేడే తెలియును. మామిడి అంటు చెడ్డదని తెలియుటకు నాలుగైదు సంవత్సరములు పట్టును. 30 అడుగుల ఎడముతో నాటినచో ఎకరమునకు 48 చెట్లు పట్టును. వాని కన్నిటికి నీరు పోసి, కంచె కట్టి, పశువుల నుండి కాపాడి, తుదకు బేనిషాను అని కొన్నది పీచుకాయ యని కనుగొన్న వానికి మొక్క వెల తిరిగి యిచ్చినను నష్టము తీరదు.

కావున మొదట చూడవలసినది తల్లిచెట్టు. మన ప్రాంతపు మామిడి రకములలో చాలవఱకు టెంక నుండి ఒకే మొలక వచ్చును. అందు పుప్పొడి నిచ్చిన చెట్టు గుణము కూడ చేరుటచేత అది తల్లిని పోలునని నమ్మరాదు. నిమ్మ అట్టిది కాదు. దాని గింజ నుండి పలు మొలకలు వచ్చును, వానిలో హెచ్చు భాగము తల్లినే పోలియుండును. అందువలన నిమ్మను గింజ వేసి పెంచవచ్చును గాని, మామిడికి అంటు కట్టక తప్పదు. తల్లిచెట్టు రకమును వినికిడిని బట్టి నిశ్చయింపరాదు. బేనిషాను అనగా మచ్చ లేనిది. దానినే కోస్తా జిల్లాలలో బంగినపల్లి యందురు. ఒకే కాయకు ఊరికొక పేరున్నచోట రెండు మూడు కాపులు స్వయముగా తిని చూచిన చెట్టు నుండియే కొమ్మలు తీసికొనవలెను. ఈ విషయమున ఇంటి స్త్రీల నడుగుట మేలు. ఏ చెట్టు కాయ ఊరగాయకు నిలుచునో, ఏది పండునకు తగినదో వారెఱుగుదురు.

అంటునకు వేరుమొక్కలుగా నాటు మామిడి టెంకలు చాలును. టెంక నిలువ యుండదు గనుక మృగశిర కార్తెలో, పండు తిన్న నెల దినములలోపల విత్తవలెను. 3 అడుగుల వెడల్పు, 6 అంగుళముల ఎత్తు గల మడియందు, టెంక వీపు పైకి ఉండునట్లు 2 అంగుళముల లోతున నాటవలెను. రాగి రంగు ఆకులు ముదిరి పచ్చబడిన పిమ్మట వేళ్లు చెదరకుండ మట్టితో కూడ పెకలించి, ఎఱ్ఱమన్ను, వాగు ఇసుక, చివికిన ఎరువు సమముగా కలిపిన కుండీలలో నాటవలెను. కుండీలను ఇటుకలపై నుంచినచో చెదలు అంతగా పట్టవు.

మఱుసటి యేడు కాండము పెన్సిలంత లావైన తరువాత, పునర్వసు కార్తెలో అంటు కట్టవచ్చును. తల్లిచెట్టు క్రింద మంచె వేసి కుండీల నెక్కింపవలెను. అదే లావు గల కొమ్మను ఎన్నుకొని, మొక్కకు మన్ను నుండి 8, 9 అంగుళముల ఎత్తున, రెండింటికిని 2 అంగుళముల పొడవున చెక్కు తీసి, కోతలు ఒకదాని కొకటి సరిగా ఆనునట్లు చేర్చి, అరటి నారతో బిగించి, పేడయు బంకమన్నును కలిపి పూయవలెను. ఇందు చేతి నేర్పుకన్న నీటి శ్రద్ధ ముఖ్యము. మంచెపై కుండీ త్వరగా ఎండును. వాన లేని దినములలో ఉదయ సాయంకాలములు నీరు పోయవలెను. రెండు మూడు నెలలకు అతుకు గట్టిపడును. అప్పుడు కొమ్మను అతుకు క్రింద సగము కోసి, వారము తరువాత మఱికొంత కోసి, మఱియొక వారమునకు పూర్తిగా వేరుచేయవలెను. వేరుమొక్క తలను అతుకుపైన తీసివేసి, నెల దినములు నీడనుంచవలెను. అతుకు క్రింద పుట్టు చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లవలెను. ఉపేక్షించినచో నాటు చిగురే పైకొని మంచి కొమ్మ ఎండిపోవును.

మొదటి యేడు 50 అంట్లకు మించి కట్టరాదు. క్రొత్తచేతికి అన్నియు అతుకవు. ప్రతి మొక్కకు రేకు ముక్క కట్టి, తల్లిచెట్టు గుర్తును, కట్టిన తేదిని వ్రాసి, చిన్న పుస్తకమున కూడ ఎక్కింపవలెను. గుర్తు పోయిన మొక్కను ఊహించి పేరుపెట్టి అమ్మరాదు. స్వంత గట్టున నాటుకొనవచ్చును. తల్లిచెట్టును చూపుమని అడిగిన వానిని విసుగుకొనక చెట్టు కడకు తోడ్కొని పోవలెను. బండిపై పంపునపుడు కుండీల నడుమ వరిగడ్డి కుక్కి, అతుకు కదలకుండ వెదురుపుల్ల కట్టి, నాటునపుడు అతుకు మన్నులో పూడరాదని కొనువానికి చెప్పి పంపవలెను.