చివరి అంకె పట్టుకుంటే శేషం దొరుకుతుంది

ఈసారి మన గోడ పత్రికకు కవితలు, పొడుపు కథలు చాలానే వచ్చాయట. అందుకని నేను లెక్క రాస్తున్నాను. లెక్క అనగానే పక్క కాగితానికి వెళ్లిపోకండి. పదో తరగతి అయ్యాక మనం రాయబోయే ప్రవేశ పరీక్షల్లో ఇలాంటివి అడుగుతుంటారు. అక్కడ ఒక్కో లెక్కకు నిమిషం దొరికితే గొప్ప. కాలిక్యులేటరు ఉండదు.

ప్రశ్న ఇది: 7²⁰²³ను 5తో భాగిస్తే శేషం ఎంత?

7ను 2023 సార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్యలో 1710 అంకెలు ఉంటాయి. వరుసకు 30 చొప్పున రాసినా నోటుబుక్కులో 57 వరుసలు నిండుతాయి. గుణించుకుంటూ కూర్చుంటే స్టడీ అవర్ ఏం సరిపోతుంది, సంక్రాంతి సెలవులు కూడా అయిపోతాయి. కాని మనకు ఆ సంఖ్యతో పని లేదు. దాని ఒకట్ల స్థానంలోని అంకె ఒక్కటి తెలిస్తే చాలు.

ఎందుకు చాలంటే, ఏ సంఖ్యనైనా పదులు, ఒకట్లు అని విడదీయవచ్చు. 2401 అంటే 240 పదులు, ఒక ఒకటి. పది 5తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. అప్పుడు 240 పదులైనా అంతే, కోటి పదులైనా అంతే. శేషం మిగిలితే అది ఒకట్ల అంకె నుంచే మిగలాలి.

ఇక ఆ అంకెను పట్టుకోవాలి. 7 ఘాతాలు వరుసగా వేసి చూడండి: 7, 49, 343, 2401, 16807, 117649. చివరి అంకెలు 7, 9, 3, 1, మళ్లీ 7, 9. గుణకారంలో కొత్త ఒకట్ల అంకె పాత ఒకట్ల అంకె నుంచే పుడుతుంది కదా, అందుకే 1 రాగానే కథ మొదటికి వచ్చేస్తుంది.

మన హాస్టల్లో నాలుగు జట్లు వంతులవారీగా నీళ్లు పట్టినట్టే ఇది కూడా. 2023వ రోజు ఏ జట్టు వంతు? 2023ను 4తో భాగించాలి. అదీ చిన్న పనే. వంద 4తో పోతుంది కనుక చివరి రెండంకెలు 23 చూస్తే చాలు. నాలుగైదులు ఇరవై పోగా 3 మిగిలింది. మూడో జట్టు. 7, 9, 3, 1లో మూడోది 3. దాన్ని 5తో భాగిస్తే శేషం 3. అయిపోయింది! 10తో భాగించమన్నా శేషం 3, 2తో అయితే 1.

ఘాతాంకం 2024 అయితే? 24ను 4తో భాగిస్తే శేషం సున్నా. దీని మీద మన తరగతిలో పెద్ద వాదనే జరిగింది, జవాబు కూడా సున్నా అని కొందరు పట్టుబట్టారు. మరి ఆ రోజు ఏ జట్టూ నీళ్లు పట్టకపోతే స్నానాలెట్లా? ఆ రోజు వంతు నాలుగో జట్టుది. అంకె 1.

మిగతావి: 2కు 2, 4, 8, 6. 3కు 3, 9, 7, 1. 8కి 8, 4, 2, 6. 4కు 4, 6, 9కి 9, 1 రెండేసి చొప్పున. 0, 1, 5, 6 ఎన్నిసార్లు గుణించినా మారవు. బట్టీ పట్టనక్కర్లేదు, అప్పటికప్పుడు రాసుకోవచ్చు. 137 వంటి సంఖ్య ఇచ్చి భయపెడితే 7 అని మాత్రమే చూడండి. 2⁵⁰ + 3⁵⁰ అని ఇచ్చినా కంగారు వద్దు. 50ని 4తో భాగిస్తే 2, కాబట్టి రెండో అంకెలు 4, 9. కూడితే 13. 5తో శేషం 3.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఈ పద్ధతి దొరికిందని 3తోను, 7తోను భాగించే లెక్కలకు కూడా చివరి అంకె వాడేస్తున్నారు. అది కుదరదు. 13, 23, 33 మూడింటికీ చివరి అంకె 3. మరి 3తో భాగిస్తే శేషాలు 1, 2, 0! పది 3తో పోదు, 7తో పోదు. అందుకని అక్కడ ఒకట్ల అంకెను వదిలేసి శేషాలనే చుట్టు తిప్పాలి.

ఇవాళ సోమవారం సంత అనుకోండి. 2¹⁰⁰ రోజుల తరువాత ఏ వారం? (అప్పటికి మనమూ ఉండం, సంతా ఉండదు, అది వేరే సంగతి.) వారానికి 7 రోజులు కాబట్టి 7తో శేషం కావాలి. మొదట 2, తరువాత 4, తరువాత 8లో 7 పోగా 1. ఆ 1ని రెండుతో గుణిస్తే మళ్లీ 2. చుట్టు 2, 4, 1. మూడే మెట్లు. 100ను 3తో భాగిస్తే శేషం 1, కాబట్టి మొదటి మెట్టు, 2. సోమవారం నుంచి రెండో రోజు బుధవారం. చివరి అంకెను నమ్ముకున్నవాళ్లకు 6 వచ్చి ఆదివారం సంచి పట్టుకుని బయలుదేరతారు.

మీకొక లెక్క: 3¹⁰⁰⁰ను 7తో భాగిస్తే శేషం ఎంత? దీని చుట్టుకు ఆరు మెట్లు. చేసిన పద్ధతితో సహా చీటీ మీద రాసి, పేరు, తరగతి వేసి, ఈ పత్రిక కింద ఉన్న అట్టపెట్టెలో వేయండి. సరిగ్గా చేసినవారి పేర్లు వచ్చే నెల ఇక్కడే రాస్తాం.