కదిలే అక్షరం: గింప్‌తో చిన్న యానిమేషన్లు

మన హాస్టళ్ళలో మూడో తరగతిలో చేరే తమ్ముళ్ళలో చాలామందికి ద, ధ, థ ఒకేలా కనబడతాయి. పుస్తకంలో అక్షరం అప్పటికే పూర్తయి ఉంటుంది, ఎలా పూర్తయిందో మాత్రం కనబడదు. బోర్డు మీద మాస్టారి చెయ్యి కదులుతుంటే చూసినవాడికి పట్టుబడినంత సులువుగా, అచ్చు చూసి దిద్దినవాడికి పట్టుబడదు. ఆ కదలికను కంప్యూటర్లో బొమ్మగా చేసిపెడితే స్టడీ అవర్‌లో ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చూపిస్తుంది.

దీనికి డబ్బు పెట్టి కోర్సు చేయనక్కర్లేదు. 2000 దశకంలో యానిమేషన్ అంటే ఫ్లాష్ నేర్చుకోవడమే అనుకునేవారు. ఆ ఫ్లాష్ ప్లేయర్‌కు అడోబీ 2020 డిసెంబరు 31తో మద్దతు ఆపేసింది. అంతకన్నా పాతదైన, 1987లో కంప్యూసర్వ్ తెచ్చిన జిఫ్ ఫైలు మాత్రం ఇప్పటికీ ఏ బ్రౌజర్‌లోనైనా ఆడుతుంది. దాన్ని తయారుచేయడానికి మనం వాడబోయే గింప్ పూర్తిగా ఉచితం. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టిన పని అది. విద్యార్థులు అన్న మాట గుర్తుంచుకోండి!

ఇక పనిలోకి వద్దాం. గింప్‌లో బొమ్మను పొరలు పొరలుగా, అంటే లేయర్లుగా గీస్తాం. యానిమేషన్‌లో ఒక్కో లేయరు ఒక్కో ఫ్రేము. అన్నిటికన్నా అడుగున ఉన్న లేయరు ముందు కనబడుతుంది, పైది చివర కనబడుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక బొమ్మలు తలకిందులుగా ఆడించేవాళ్ళే ఎక్కువ.

ఫైల్ మెనూలో న్యూ నొక్కి 400 పిక్సెళ్ళ వెడల్పు, 400 ఎత్తుతో తెల్ల కాగితం తీసుకోండి. టెక్స్ట్ టూల్‌తో పెద్ద 'ద' రాయండి. ఇమేజ్ మెనూలో ఫ్లాటెన్ ఇమేజ్ నొక్కితే అక్షరం, కాగితం కలిసి ఒకే లేయరవుతాయి. ఇది మొదటి ఫ్రేము. దానిమీద పారదర్శకంగా ఉండే కొత్త లేయరు వేసి, ఎర్రరంగు బ్రష్‌తో కింది నిలువుగీత మాత్రమే గీయండి. ధ అయింది. ఇంకో పారదర్శక లేయరు వేసి నడుమ చుక్క పెట్టండి. థ అయింది. మూడు అక్షరాల తేడా మూడు ఫ్రేముల్లో తేలిపోయింది. ఎర్రరంగు ఎందుకంటే, కొత్తగా చేరిన భాగం మీదే పిల్లవాడి కన్ను పడాలి.

ఇప్పుడు ఒక్కో ఫ్రేము ఎంతసేపు నిలవాలో చెప్పాలి. లేయరు పేరు మీద రెండుసార్లు క్లిక్ చేసి, పేరు చివర కుండలీకరణాల్లో 800ఎంఎస్ అని కొట్టండి. ఎంఎస్ అంటే మిల్లీ సెకను. పక్కనే ఇంకో కుండలీకరణాల్లో కంబైన్ అని కొట్టండి. రెండూ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉండాలి. కంబైన్ అంటే పాత ఫ్రేము చెరపకుండా దానిమీదే కొత్తది వేయమని. అదే ఎగిరే పిట్టను చేస్తున్నామనుకోండి, అక్కడ రీప్లేస్ అని కొట్టాలి. లేకపోతే ఒక పిట్ట బదులు పిట్టల గుంపు కనబడుతుంది.

చివరి ఫ్రేముకు 2000 ఇవ్వండి. మనకు తెలిసిన అక్షరం కాబట్టి మనకది నెమ్మదిగా అనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాడికి ఆ రెండు సెకన్లూ కావాలి. వేగం ఎంత ఉండాలో మీరు నిర్ణయించకండి, ఒక చిన్న తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూసి నిర్ణయించండి.

ఫిల్టర్స్ మెనూలో యానిమేషన్, అందులో ప్లేబ్యాక్ నొక్కితే బొమ్మ ఆడుతుంది. బాగుందనిపిస్తే ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ నొక్కి, ఫైలు పేరు చివర చుక్క పెట్టి జిఫ్ అని ఇంగ్లీషులో రాయండి. తర్వాత వచ్చే పెట్టెలో యాజ్ యానిమేషన్ అన్నచోట టిక్కు పెట్టడం మరిచిపోతే కదలని బొమ్మే వస్తుంది. ఆగకుండా తిరగాలంటే లూప్ ఫరెవర్ కూడా టిక్కు చేయండి. జిఫ్‌లో ఒక్కో ఫ్రేముకు 256 రంగులకు మించి పట్టవు. ఫొటోలు మచ్చలు మచ్చలుగా కనబడతాయిగానీ, అక్షరాలకు నాలుగు రంగులు చాలు కదా.

ఇది వచ్చాక అక్షరం మొత్తం రాసుకుంటూ పోయేట్టు చేయవచ్చు. ఇక్కడొక కిటుకుంది. ముందుకు గీయకండి, వెనక్కి చెరపండి. పూర్తి అక్షరాన్ని ఫ్లాటెన్ చేసి, ఆ లేయరుకు డూప్లికేట్ తీసి, చెయ్యి చివర ఆగేచోట కొంచెం తెల్లరంగుతో కప్పేయండి. దానికి మళ్ళీ డూప్లికేట్, మళ్ళీ కొంచెం కప్పడం. పన్నెండు లేయర్లయ్యేసరికి మొదటి చుక్క దగ్గరికి వస్తారు. అలాగే ఆడిస్తే అక్షరం చెరిగిపోతూ కనబడుతుంది. లేయర్ మెనూలో స్టాక్, అందులో రివర్స్ లేయర్ ఆర్డర్ నొక్కగానే రాసుకుంటూ వస్తుంది. ఫ్రేముకు 150 మిల్లీ సెకన్లు సరిపోతాయి. చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో మాత్రం తెలుగు మాస్టారిని అడిగి చేయండి, మన చేతిరాత అలవాట్లు పిల్లలకు అంటించవద్దు.

జిఫ్‌తో పాటు గింప్ సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైలు కూడా సేవ్ చేసి హాస్టల్ పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. తర్వాతి బ్యాచ్ వాళ్ళు దాన్ని తెరిచి మార్చుకోగలుగుతారు. ప-వ, మ-య జంటలు ఇంకా మిగిలే ఉన్నాయి.